మేడ మీది కంప్యూటర్‌కి కట్టిన దిష్టిమూట

పెళ్ళయి నరసరావుపేట వచ్చిన పదేళ్ళలో మా అత్తయ్య నన్ను చుట్టాలకి ఎప్పుడూ ఒకే మాటతో చూపించేది. "మా పెద్దకోడలు. కంప్యూటర్ తెలుసు." నేను ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. నాకు నిజంగా తెలిసింది టైపు కొట్టడం, ఫారాలు నింపడం, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగడం. అయినా మా వీధిలో ఎవరికి హాల్ టికెట్ కావాలన్నా, ఎవరి కార్డులో తండ్రి పేరు తప్పు పడినా మా గుమ్మంలోనే నిలబడేవాళ్ళు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్న సంగతి నాకు తెలుసు. నేనెవరికీ ఆ సంగతి చెప్పలేదు, అంతే.

కిందటేడు మా మరిదికి పెళ్ళయింది. అమ్మాయిది మాచర్ల. ఇంట్లో నుంచే ఏదో కంపెనీకి కంప్యూటర్‌లో బొమ్మలు తయారుచేసే ఉద్యోగం. మేడ మీద గది వాళ్ళకిచ్చాం. ఎండలు మొదలయ్యాక ఒకరోజు తను కొత్త కంప్యూటర్ మాటెత్తితే, నేను పెద్దరికం తెచ్చుకుని, "ఏది కొనాలో నేను చెప్తాలే" అన్నాను.

"కొనేది కాదక్కా. సామాను తెప్పించుకుని నేనే బిగించుకుంటా" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. అట్టపెట్టెలు రావడమూ, తను చాప మీద కూర్చుని స్క్రూడ్రైవర్ పట్టుకోవడమూ, మా అత్తయ్య స్టీలు పళ్ళెంలో స్క్రూలు పోసుకుని, బియ్యంలో రాళ్ళేరినంత శ్రద్ధగా ఒక్కొక్కటీ అందించడమూ గుమ్మంలో నిలబడి చూశాను. పదేళ్ళలో హాల్లోని నా పాత కంప్యూటర్ ముందు నేను కూర్చుంటే ఆమె ఒక్కసారి కూడా నా పక్కన చేరి ఏంది ఎట్లా అని అడగలేదు. కడుపు మండింది. ఇంకో మాట వెతకడం అనవసరం.

బిగించడం అయ్యాక డబ్బాకున్న అద్దం పలకకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు, మెట్ల మీద కొబ్బరికాయ కొట్టారు. స్విచ్ వేయగానే లోపలి ఫ్యాన్లన్నీ రంగురంగుల్లో వెలిగాయి. "కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభ మాదిరుందే చిన్నమ్మాయ్!" అని మా అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. "బాగుంది" అన్నాను నేను. ఆ ఒక్క మాటకి నాకు పట్టిన శ్రమ అంతా ఇంతా కాదు.

మర్నాటి నుంచి ఆమె సాయంత్రాలన్నీ మేడ మీదే. అంతకుముందు ఆఫీసు నుంచి నేనొచ్చేసరికి వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉండేది. నేను ఆఫీసు కబుర్లు చెప్తుంటే కూరగాయలు తరిగేది. ఇప్పుడు వంకాయలు కూడా పైకే తీసుకెళ్ళి, చిన్నకోడలు కంప్యూటర్‌లో కార్ల పందెం ఆడుతుంటే మంచం మీద కూర్చుని తరిగేది. "ఎడమకి తిప్పవే, లారీ వస్తంది!" అన్న కేక కింద పొయ్యి దగ్గరున్న నాకు వినిపించేది. ఒంటరిగా ఉల్లిపాయలు తరుక్కుంటూ, కళ్ళు మండితే ఉల్లిపాయల మీదకి నెట్టేదాన్ని.

నాలుగో రోజున ఆట ఆగిపోయింది. పది పన్నెండు నిమిషాలు బాగానే నడిచి, ఉన్నట్టుండి బొమ్మ బిగుసుకుపోవడం, కారు చప్పుడు ఒకే చోట తగులుకుని గీపెట్టడం. ఆపి మళ్ళీ వేస్తే ఇంకో పది నిమిషాలు. తర్వాత మళ్ళీ అంతే. ఆ సంగతి విన్నప్పుడు నా నెత్తిన పాలు పోసినట్టయింది. "అక్కా, ఒకసారి పైకొచ్చి చూస్తావా?" అని తను అడిగినప్పుడు చీర కూడా మార్చుకుని వెళ్ళాను.

"వైరస్ అయ్యుంటుంది" అన్నాను కూర్చోగానే. మా ఆఫీసులో ఏం పాడైనా మేం అనే మాట అదే.

"అదీ చూశానక్కా. డ్రైవర్లు తీసేసి మళ్ళీ వేశా. ర్యామ్ కూడా ఊడదీసి ఇంకో స్లాట్‌లో పెట్టా. వేడి మాత్రం బాగా ఎక్కువ చూపిస్తాంది. పైన స్లాబు గదా, ఎండకేమో అనుకుంటన్నా."

నేను చెప్పబోయేవి అప్పటికే అన్నీ చేసేసింది. మరుసటి రోజు హాల్లో ఉండే కూలర్ మేడ ఎక్కింది. నలభై దాటిన ఎండలో మనుషులం విసనకర్రలతో విసురుకుంటూ ఉంటే, ఆ డబ్బా చల్లగాలికి కూర్చుంది. అయినా ఆగుతూనే ఉంది. ఆ ఒక్కటే నాకు చల్లగా ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ పిలిచింది. ఈసారి, "కేబుళ్ళు చూద్దాం, డబ్బాని ముందుకి లాగు" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. లాగి, నాకు మజ్జిగ తేవడానికి తను కిందకి దిగింది. గోడకి ఆనుకుని ఉన్న వెనక వైపు నేను మొదటిసారి చూసింది అప్పుడే. వెనక ఫ్యాన్ జాలీకి ఎర్ర గుడ్డ మూట వేలాడుతోంది. తడిమితే లోపల పటిక, ఎండుమిరపకాయలు. మూటకి కట్టిన నల్లదారం కొస జాలీలోంచి లోపలికి పోయి ఫ్యాన్ రెక్కలకి చుట్టుకుంది. ఫ్యాన్ వెలుగుతోంది కానీ తిరగడం లేదు. మిరుమిట్లు గొలిపే ఆ రంగుల్లో ఇద్దరం అది తిరుగుతోందనే అనుకున్నాం. లోపలి వేడి బయటికి పోయే దారి అదే.

ఆ ముడి ఎవరిదో నాకు తెలుసు. ఊరగాయ జాడీ మూతికి కట్టే వాసెన గుడ్డకీ అదే ముడి. మా అత్తయ్యది.

ఎవరి దిష్టి తగలకుండా కట్టింది? మరిది సంగతి చెప్పక్కర్లేదు, భార్య వెనకే తిరుగుతుంటాడు. మా ఆయనకి మేడ మెట్లెక్కడమే బద్ధకం. బయటివాళ్ళెవరూ రాలేదు. గుమ్మంలో నిలబడి, మొహం గంటు పెట్టుకుని చూసింది నేనొక్కదాన్నే. పదేళ్ళు వండి పెట్టినదాన్ని, పదేళ్ళు ఆమె బీపీ బిళ్ళలు గుర్తుపెట్టుకున్న మనిషిని. నా కళ్ళకి ఎండుమిరపకాయలా!

తీసేయడానికి ఒక్క నిమిషం పట్టేది. తీస్తే అది ఎవరి దిష్టికని చిన్నమ్మాయి అడుగుతుంది, చెప్పకపోయినా తనకి అర్థమవుతుంది. తీయకపోతే యంత్రం ఆగుతుంది. రెండోదే నాకు నచ్చింది. తను మెట్లెక్కే చప్పుడు వినగానే డబ్బాని గోడ దగ్గరకి నెట్టేశాను. "నాకేం అంతు పట్టడం లేదమ్మా" అన్నాను. మజ్జిగ మాత్రం మొత్తం తాగాను.

బుధవారానికి తను సామాను ఊడదీసి అట్టపెట్టెల్లో సర్దుకోవడానికి సిద్ధమైంది. బోర్డు వెనక్కి పంపుతానంది. "నా చేతిలోనే ఏదో తేడా ఉంది, రెడీమేడ్ కొనుక్కోవాల్సింది" అని మొదటిసారి నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కోరుకున్నది సరిగ్గా అదే. దొరికాక ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం మా అత్తయ్య చాలా రోజులకి వంటింట్లో కూర్చుంది, గోంగూర కట్ట ముందు పెట్టుకుని. నేను ఆగలేకపోయాను.

"ఆ మూట ఎందుకు కట్టారత్తయ్యా?"

"ఏ మూటే?"

"కంప్యూటర్ వెనక. నా కోసమేగా?"

ఆమె చేతిలో ఆకు ఆగిపోయింది. "నీ కోసమేందే? నా కోసం కట్టా. రోజంతా దాని ఎదురుగా కూర్చుని మురిసిపోతంది నేనే గదా. కన్నతల్లి దిష్టే చానా చెడ్డదంటారు. చిన్నదాన్ని చూస్తుంటే నా కడుపున పుట్టినట్టే ఉంటదే. నా కళ్ళే మంచియి కావని భయమేసి కట్టా. కట్టినా తగిలే తగిలింది."

నేను అక్కడే ఆగి ఉండాల్సింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, "మరి నా దిష్టి తగలదా?" అనేశాను.

ఆమె నవ్వింది. చాలా ప్రేమగానే నవ్వింది.

"నీదేం దిష్టే పిచ్చిమొహమా! దాంట్లో నీకేం తెలుసనీ?"

గోంగూర తుంచుతూనే ఉంది. పదేళ్ళ నా పేరుప్రతిష్ఠ ఆ గోంగూర కాడలతో పాటు పక్కకి పోయిన సంగతి ఆమెకి తెలియదు. ఆమె నన్ను అనుమానించిందని మూడు రోజులు కుమిలిపోయాను. అనుమానించినా బాగుండేది. ఆ లెక్కలో నేను అసలు లేను.

కత్తెర తీసుకుని మేడ ఎక్కాను. చిన్నమ్మాయి చూస్తుండగానే డబ్బాని లాగి, దారం కత్తిరించి, రెక్కలకి చుట్టుకున్న పోగులన్నీ ఏరాను. స్విచ్ వేయమన్నాను. వెనక ఫ్యాన్ ఒక్కసారి జర్కు ఇచ్చి తిరగడం మొదలుపెట్టింది. నా చేతికి వేడిగాలి తగిలింది. తను ఆట పెట్టింది. పది నిమిషాలు, ఇరవై, అరగంట. ఎక్కడా ఆగలేదు.

"అక్కా, నీకు భలే తట్టిందే!" అని నన్ను వాటేసుకుంది. ఆదివారమే తట్టిందని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

మా అత్తయ్య మర్నాడే కొత్త మూట తయారుచేసి, ఈసారి ఆ గది గుమ్మానికి కట్టింది. సాయంత్రం మళ్ళీ వంకాయలు మేడ ఎక్కాయి. పాత మూటని నేను పారేయలేదు. హాల్లో మూల బల్ల మీద నా పాత కంప్యూటర్ ఉంది. దాని పక్కన మేకుకి, వచ్చేపోయేవాళ్ళకి కనపడేలా కట్టుకున్నాను.

అదెందుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.