నొక్కితే పలకని బటన్

నా బిడ్డ గద్వాలలో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో నేను దాని మీద అనుమానపడ్డాను. ఈ మాట ఇప్పుడు దాని ముందరే చెబుతాను, అది నవ్వుతుంది. అప్పుడు మాత్రం నవ్వలేదు.

మాది గట్టు మండలంలో ఒక పల్లె. ఇంటర్ అయ్యాక బిడ్డ మూడు నెలల కోర్సులో చేరి, పొద్దున బస్సుకు పోయి మూడింటికి వచ్చేది. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు మా మరిది ఎరువులకని గద్వాల పోయి వచ్చి, క్లాసు జరగాల్సిన వేళ పిల్ల బస్టాండులో కూర్చుని కనిపించిందని మా ఆయన చెవిలో వేశాడు. మా ఆయన బిడ్డను అడగకుండా నన్ను పిలిచి, "రేపు నువ్వు గూడ పో. నేర్చుకుంటుంటే నేర్చుకోనీ. లేకుంటే గీ వారంతోనే బంద్" అన్నాడు.

నేను చదివింది నాలుగో తరగతి. అక్కడ ఏం చూడాలో నాకే తెలియదు. కానీ ఒకసారి చూసింది మరిచిపోను, ఆ ధైర్యంతోనే బస్సెక్కాను.

"ఇప్పుడు ఏం నేర్పుతుండ్రు?" అని దారిలో అడిగాను.

"బటన్లమ్మా. తెర మీద బటన్ పెడతం. నొక్కితే పని కావాలె."

"నొక్కితే కాదా మరి?"

"ఉత్తగ కాదు. నొక్కుడు ఎప్పుడొస్తదా అని కనిపెట్టుకోని ఉండేటట్టు ఒక లైను రాయాలె. దాన్ని లిజనర్ అంటరు. అది లేకుంటే ఎంత నొక్కినా పలకదు."

"కనిపెట్టుకోని ఉండేది ఎవరు?"

"ఎవ్వరు లేరమ్మా. నేను రాసిన లైనే."

ఎవ్వరూ లేకుండా కనిపెట్టుకుని ఉండడమేమిటని నా అనుమానం ఇంకో జానెడు పెరిగింది.

మేము పోయేసరికి ఆ కంప్యూటర్ సెంటర్లో కరెంటు లేదు. పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. పదకొండున్నర దాకా రాదట, వారంలో మూడు నాలుగు రోజులు ఇంతేనట, అప్పటిదాకా కొందరు బస్టాండు బెంచీల మీద కూర్చుంటారట. మరిది చూసింది అదే కావచ్చు. నన్ను చూసి పిల్లలు కట్టిన కథ కూడా కావచ్చు.

"నువ్వు రాసింది నాకు సూపియ్యి" అన్నాను.

దగ్గర్లో జనరేటర్ ఉన్న ఇంటర్నెట్ సెంటర్ ఉంటే అక్కడికి తీసుకుపోయి, తన పెన్‌డ్రైవ్ పెట్టింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలతో మేకలు అని, పక్కన సున్న, కింద బూడిదరంగు బటన్. సాయంత్రం నేను మేకలను దొడ్డిలోకి తోలుతూ లెక్కపెడతానని అది పెట్టిందట.

"నొక్కమ్మా, సున్న ఒకటైతది."

నొక్కాను. సున్న సున్నలాగే ఉంది. మళ్లీ నొక్కాను. గట్టిగా నొక్కాను.

ఆ సెంటర్ నడిపే ముసలి భాయ్ మా వైపు తిరిగి, "అమ్మా, జర మెల్లగ. అది మౌస్, బర్రె పొదుగు గాదు" అన్నాడు.

బిడ్డ మౌస్ తన చేతిలోకి తీసుకుంది. "నిన్న అయిందమ్మా, ఒట్టు."

"ఒట్లు మీ నాయినకు పెట్టుకో."

కరెంటు వచ్చాక వాళ్ల సెంటర్‌కే పోయాం. అదే పెన్‌డ్రైవ్, అదే బటన్. నొక్కితే ఒకటి, మళ్లీ నొక్కితే రెండు. ఇంకొకరైతే సంతోషపడి ఇంటికి పోయేవారు. నా అనుమానం బిడ్డను వదిలి, నేర్పే సారు మీదికి పోయింది. అక్కడ పలకనిది ఇక్కడే పలుకుతుందంటే, ఇది బిడ్డ రాసింది కాదు, సారు చేసి పెట్టింది.

సారు ఓపికగానే చెప్పాడు. "ఆడ పేజీలు చూసే బ్రౌజర్ వేరే రకమక్కా. ఈ లైను దానికి తెల్వదు. దానికోసం ఇంకో తీరుగ రాయాలె." అడిగీ అడగకముందే జవాబు వచ్చింది. అదీ నాకు నచ్చలేదు.

"మేకలు పెరుగుడేనా? పెబ్బేరు సంతకు తోలితే తగ్గొద్దా? తగ్గేటందుకు ఇంకో బటన్ పెట్టు. ఇప్పుడే, నా ముంగట" అన్నాను బిడ్డతో.

సారు కుర్చీలోంచి లేవబోయాడు.

"మీరు గాడనే ఉండుండ్రి సారు."

ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నేను ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాను. పక్కన బిడ్డ టకటకా కొట్టింది. రెండో బటన్ వచ్చింది. లెక్క మళ్లీ సున్న కాగా, పాత బటన్ రెండుసార్లు నొక్కి రెండు చేసి, కొత్తది నాకు చూపింది. నొక్కాను. రెండు రెండులాగే ఉంది. సారు చేతులు కదల్లేదు. బిడ్డ తెరలోకి వంగి, పైనుంచి కిందికి ఒక్కో లైను మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. ఒకచోట వేలు ఆగింది.

"బటనైతే పెట్టిన గనీ, దాని నొక్కుడు వినేటందుకు లైను రాయలే" అని తనలో తాను అనుకుని, ఇంకో లైను కొట్టి, లెక్కను మళ్లీ రెండు దాకా తెచ్చింది. "ఇప్పుడు నొక్కమ్మా."

రెండు ఒకటైంది.

నా మనసు అక్కడ కుదుటపడింది. చెడిన కూరను సరిచేయగలిగినవాళ్లకే వంట వచ్చినట్టు నా లెక్క.

ఇల్లు చేరేసరికి మా ఆయన వాకిట్లో తాడు పేనుతున్నాడు. బిడ్డ లోపలికి పోయి తలుపు వెనక నిలబడింది.

"నేర్చుకుంటుంది" అన్నాను.

"నీకెట్ల ఎరుక? నీకేమన్న తెలిసిందా?"

"అది తప్పు చేసింది. ఎవ్వరు చెప్పకుండ అదే దొరకబట్టింది. సారు చేతులు బల్ల మీదనే ఉండె."

ఆయన తాడు పక్కన పెట్టాడు. "కండ్లతోని సైగ చెయ్యలే గద?"

"చెయ్యలే."

"అయితే పోనియ్యి."

నిజానికి నేను సారు చేతులే చూశాను. కళ్లు చూడలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మర్నాడు పొద్దున బిడ్డ బస్సుకు పోయింది.