ఎదుటి పీట మీద వెల్లుల్లి

మా పిన్ని ముప్పై ఏళ్లుగా ఇంట్లో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. నాలుగు వీధుల అవతల ఉన్న ఫ్యాక్టరీ క్యాంటీన్‌కి రోజూ ఐదు కిలోలు. పొద్దున సంచిలో గడ్డలు వస్తాయి, సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్ వంటాయన వచ్చి ఒలిచిన రెబ్బలు పట్టుకెళ్తాడు. ఇదేమీ గొప్ప జీవితచరిత్ర కాదని నాకూ తెలుసు. వినేవాళ్లు వినండి, ఓపిక లేనివాళ్లు లేచి వెళ్లండి.

పిన్నికి పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే వాళ్లక్క దగ్గరికి, అంటే మా అమ్మ దగ్గరికి వచ్చేసింది. వచ్చిన రోజే అమ్మ ఆవిడ చేతిలో ఓ గడ్డ పెట్టి, "ఏడుస్తూ కూర్చోకు, ఇది విడదీయి" అందట. అప్పట్నుంచీ వెనక గదిలో ఎదురెదురుగా రెండు పీటలు. బస్సెక్కితే ఆ వెల్లుల్లి వాసనకి పిన్ని పక్క సీటు దానంతటదే ఖాళీ అయ్యేది. "చూశావా, మనకెంత మర్యాదో!" అని కాళ్లు చాపుకునేది.

పని ఇద్దరూ పంచుకున్నారు. పిన్ని రెబ్బ అడుగున గట్టిగా ఉండే మొదలు చాకుతో కోసి అమ్మ పళ్లెంలోకి విసిరేది. అమ్మ బొటనవేలి గోరు దింపి ఒక్క లాగుతో పొట్టు ఊడదీసేది. ఆ గోరు అందుకోసమే పెంచింది. అమ్మ ఒలిచిన ప్రతి రెబ్బ నడుమా చిన్న గాటు ఉండేది. పిన్నికి అసలు గోళ్లే లేవు. ఆ ఘాటుకి వేళ్లు పగిలి, గోళ్లు అరిగిపోయాయి.

కిందటి వానాకాలం అమ్మ జ్వరంతో పోయింది. నెల తిరక్కుండానే పిన్ని మళ్లీ సంచి తెప్పించుకుంది. ఒక్కదానివి ఎలా చేస్తావంటే, "చేసుకుంటాలే" అంది. నిజంగానే నాలుగింటికల్లా ఐదు కిలోలూ సిద్ధం. వంటాయన ఓ రోజు బుర్ర గోక్కుని, "ఏమ్మా, దెయ్యాన్ని గానీ పనికి పెట్టుకున్నావా?" అని నవ్వాడు. పిన్ని నవ్వలేదు.

ఓ మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. వెనక గది తలుపు ఓరగా వేసి ఉంది. పిన్ని రెబ్బలు కోసి ఎదుటి పళ్లెంలోకి విసురుతూ, "నెమ్మదిగా అక్కా, ఎవరైనా తరుముకొస్తున్నారా?" అంటోంది. ఎదుటి పీట ఖాళీ. నేను వెళ్లి పళ్లెంలో చెయ్యి పెట్టాను. రెబ్బలన్నీ ఒలిచి ఉన్నాయి. ఒక్కోదాని నడుమా గోటి గాటు.

"ఎవరు ఒలిచారు పిన్నీ ఇవి?"

"చూస్తున్నావుగా. అడగడమెందుకు?"

భయం వేసిన మాట నిజమే. కానీ భయం వెనకాలే నా కడుపు మండిపోయింది. నేను కన్నకూతుర్ని. ఇన్ని నెలలుగా కలలోనైనా ఒక్కసారి కనబడని తల్లి, చెల్లెలి దగ్గరికి రోజూ వచ్చి వెల్లుల్లి ఒలుస్తుందా? ఒక్కసారి చూడాలని నేనెంత ఏడ్చానో ఆవిడకి తెలియదా?

మర్నాడు సెలవు పెట్టాను. మూత గట్టిగా బిగిసే పెద్ద స్టీలు డబ్బా తెచ్చాను. గడ్డలు విడదీసి, పొడి మూకుడులో కాస్త వెచ్చబెట్టి, డబ్బాలో సగం దాకా పోసి బలంగా ఊపాను. మూత తీస్తే పొట్టు పొట్టే, రెబ్బ రెబ్బే. మొండికేసినవాటిని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే నొక్కగానే జారి వచ్చాయి. "నానినవి నిలవుండవు, ఇవాళే వాడెయ్యమని వంటాయనకి చెప్పు" అని పిన్నికే పాఠం చెప్పాను. గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే అదే.

పిన్ని గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "ఆపవే, ఆపు! అక్క ఊరికే కూర్చునే మనిషి కాదు. పని లేకపోతే ఎందుకొస్తుంది?"

ఆ మాట నాకు వినబడింది. అర్థమూ అయింది. "నీ వేళ్లు చూసుకున్నావా? నెత్తురు కారుతోంది!" అని అరిచి మళ్లీ డబ్బా ఊపాను. మధ్యాహ్నానికి ఐదు కిలోలూ అయిపోయాయి.

తర్వాత రోజు పిన్ని ఆ డబ్బా ముట్టుకోలేదు. పాత పద్ధతిలోనే మొదళ్లు కోసి ఎదుటి పళ్లెంలోకి విసిరింది. రెబ్బలు పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. ఆ మర్నాడూ అంతే. వంటాయన వచ్చి నిలబడితే, "ఇంకో గంట ఆగు నాయనా" అంటూ పగిలిన వేళ్లతో తనే ఒలుచుకుంది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆదివారం ఇక ఉండబట్టలేక వెళ్లి ఆవిడ పక్కన నేల మీద కూలబడ్డాను.

"నీ వేళ్ల కోసం చేయలేదు పిన్నీ. ఏడుపుతో చేశాను. నా దగ్గరికి రాని అమ్మ నీ దగ్గరికి వస్తోందని."

"తెలుసు" అంది పిన్ని, చాకు ఆపకుండానే. "అక్కకీ తెలుసు. ఆ రోజు నువ్వు ఊపుతున్నంతసేపూ పీట మీంచి లేచి నీ వెనకే నిలబడింది. భుజం మీద చెయ్యేసింది. ఇటు తిరుగుతావేమోనని చూసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆపమన్నానుగా. నువ్వు వింటేగా!"