నెల మార్చిన మార్కుల మెమో

2023 వేసవి. అనంతపురంలో మా విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో నేను సీనియర్ అసిస్టెంటుని. వెరిఫికేషన్ సెక్షన్‌లో అప్పటికే పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. విదేశీ విశ్వవిద్యాలయాలు మా విద్యార్థుల మార్కుల మెమోలను మాకు పంపి, ఇవి అసలువేనా అని అడుగుతాయి. మేము టాబ్యులేషన్ రిజిస్టర్ తీసి పోల్చి చూస్తాం. ఒక బ్యాచ్ విద్యార్థులందరి మార్కులూ ఉండే పెద్ద పుస్తకం అది. సరిపోతే ‘టాలీడ్’ అనీ, లేకపోతే ‘నాట్ టాలీడ్’ అనీ రాసి పంపుతాం. పని ఇంతే.

ఆ జూన్‌లో జర్మనీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. నాగవేణి అనే అమ్మాయిది, బీటెక్ సివిల్. నీటి వనరుల మీద ఎమ్మెస్‌కు కండిషనల్ అడ్మిషన్ ఇచ్చారు. అంటే సీటు ఇచ్చినట్టే, కానీ మా జవాబు వెళ్లాకే ఖాయం. ఆరు సెమిస్టర్లు సరిపోయాయి. ఏడో సెమిస్టర్‌లో హైడ్రాలజీ పేపరు దగ్గర నా వేలు ఆగింది. మార్కులు ఒకటే. పాసైన నెల మాత్రం వేరు. మా రిజిస్టర్‌లో ఆమె ఆ పేపరు ఒకసారి తప్పి, సప్లిమెంటరీలో పాసైంది. జర్మనీకి వెళ్లిన మెమోలో మొదటిసారే పాసైనట్టు ఉంది.

‘నాట్ టాలీడ్’ అని రాసి పంపేస్తే అయిపోయేది. అప్లికేషన్‌లో ఫోన్ నంబరు కనిపించింది. ఎందుకో చేసి, అసలు మెమోతో రమ్మన్నాను.

మర్నాడు ఉదయం పది గంటలకే నాగవేణి వచ్చింది. మడకశిర దగ్గర పల్లె, మొదటి బస్సుకు బయల్దేరిందట. సన్నగా, ఎండకు కమిలిన ముఖం. ప్లాస్టిక్ కవర్లోంచి అసలు మెమో తీసి నా ముందు పెట్టింది. దాన్లో నెల మా రిజిస్టర్‌లో ఉన్నట్టే ఉంది. జర్మనీ నుంచి వచ్చిన మెమో తెరిచి, నేను కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పాను. చాలాసేపు చూసింది.

“ఇది నేను పంపినది కాదు మేడం.”

“మరి ఎవరు పంపినారు?”

“బెంగళూరులో కన్సల్టెన్సీ వాళ్లు. సర్టిఫికెట్లన్నీ వాళ్లే స్కాన్ చేసుకున్నారు. అప్లికేషనూ వాళ్లే నింపినారు. పాస్‌వర్డ్ కూడా వాళ్లకాడే ఉండాది.”

“నువ్వు ఒక్కసారైనా చూడలేదా?”

“చూపించమంటే, నీకేల, మేం చూసుకుంటాంలే అన్నారు.” అసలు మెమోలో ఆ నెల మీద వేలు పెట్టింది. “పరీక్షప్పుడు నాకు టైఫాయిడ్ మేడం. కూర్చోలేక మధ్యలోనే లేచి వచ్చేసినా. మళ్లా రాసి పాసైనా. దాన్ని దాచాల్సిన పనేముండాది?”

తర్వాత ఫోన్ తీసి ఆ జర్మన్ విశ్వవిద్యాలయం పేజీ వెతికింది. అడ్మిషన్ నిబంధనలు ఇద్దరం కలిసి చదివాం. తప్పిన పేపర్లుంటే కారణం రాసి జతచేయాలి. అంతే. తప్పినవాళ్లు రాకూడదని ఎక్కడా లేదు. ఆమె అర్హతకు ఆ పేపరు అడ్డమే కాదు. మార్చిన నెల మాత్రం అడ్డం.

ఆమె ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేసింది.

“ఈ చదువే ఎందుకు ఎంచుకున్నావు?” అని అడిగాను. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదు.

“మా ఊళ్లో బోర్లు వెయ్యి అడుగులు పోతాండాయి మేడం. అయినా నీళ్లు లేవు. నాయన గొర్రెలకు ట్యాంకరు నీళ్లు తాపుతాండాడు. యాడ వేయాలో, యాడ వేయకూడదో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.” మళ్లీ తెర వైపు చూసి అడిగింది. “మీరు సరిపోయిందని రాస్తే ఎవరికీ తెలీదు కదా మేడం?”

“అట్ల రాయలేనమ్మా.”

ఆమె బతిమాలలేదు. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇమ్మన్నాను. ఇచ్చింది. నేను జవాబు తయారుచేసి, చివర ఒక వాక్యం చేర్చాను: విద్యార్థిని అసలు మెమోతో స్వయంగా హాజరైంది, మార్చినది తాను పంపలేదని రాతపూర్వకంగా చెప్పింది. ఆమె కాగితం జతచేసి సూపరింటెండెంట్ గారి దగ్గరికి పంపాను. ఆయన నన్ను పిలిచారు.

“ఏమమ్మా, నువ్వు ఆ పిల్లకు వకీలువా? వాళ్లడిగింది ఒక్కటే. దానికి జవాబు చెప్పు, చాలు.”

ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేశారు. కాగితం ఫైల్లోనే ఉంచమన్నారు. నేను ఎదురు చెప్పలేదు. ‘నాట్ టాలీడ్’ అన్న రెండు మాటలు ఆ సాయంత్రమే వెళ్లిపోయాయి. వారం తిరక్కుండా సీటు రద్దయింది. నకిలీ పత్రం సమర్పించినందుకు మళ్లీ అక్కడ దరఖాస్తు చేసే వీల్లేదని రాశారు. నాగవేణి వెళ్లి అడిగితే కన్సల్టెన్సీ వాళ్లు, కాగితాలు నువ్విచ్చినవే కదా అన్నారట.

మరుసటి ఏడాది సూపరింటెండెంట్ గారు రిటైరయ్యాక, ఆ ఫైలు తీసి నాగవేణి కాగితాన్ని జర్మనీకి పంపాను. రెండు వరుసల జవాబు వచ్చింది. అప్పీలు గడువు ముగిసింది కనుక పరిశీలించలేము అని.

ఆమెకు ఫోన్ చేశాను. సోమందేపల్లెలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. విషయం చెప్పాను.

“సీటు పోతే పోయింది మేడం. నేను దొంగను కాదని వాళ్లకు తెలిసిందా?”

ఆ రెండు వరుసల్లో అది లేదు. “తెలిసింది” అన్నాను. నా ఉద్యోగంలో నేను తెలిసి ఇచ్చిన తప్పుడు ధ్రువీకరణ అదొక్కటే.

ఇప్పుడు ట్రాన్‌స్క్రిప్ట్ కోసం వచ్చే ప్రతి విద్యార్థినీ, అప్లికేషన్ ఎవరు నింపుతున్నారని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. మెమో సరిపోకపోతే ముందు పిలిపిస్తాను, వాళ్లు చెప్పింది జవాబులో రాస్తాను. ఆ వాక్యం వద్దని పైవాళ్లు ఎవరైనా అంటే, కొట్టేసి పక్కన సంతకం పెట్టమంటాను. ఇంతవరకు ఎవరూ పెట్టలేదు, వాక్యం అలాగే వెళ్తోంది. ఆ మాట ఆ రోజే అనాల్సింది.