పరాయి ఇసుకలో అక్క పుస్తెలు

చదవేస్తే ఉన్నమతి పోయిందంటారు. నాది ఒంటరిగా పోలేదు. పోతూ పోతూ మా అక్క పుస్తెలను కూడా వెంట తీసుకుపోయింది. అవి ఎక్కడికి చేరాయో తెలిసిన పొద్దున గోదావరి ఒడ్డున ఐదుగురం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. నా నోరు ఇప్పటికీ సరిగా మూతపడలేదని మా ఆవిడ అంటుంది.

అది పుష్కరాల ముందటి ఎండాకాలం. నేను ఇంటర్ తప్పి, గోదావరిఖని గ్రంథాలయంలో కూర్చుని, కాలేజీ చెప్పలేనిదంతా సొంతంగా నేర్చుకుంటున్న రోజులు. ఆ బీరువాల్లో చెదపురుగులకు తెలియని పేజీ ఉంటే ఉండవచ్చు గానీ నాకు తెలియనిది లేదని నా నమ్మకం.

ఒక సోమవారం రాజక్కతో కలిసి గోదావరికి పోయాను. స్నానం చేసి ఒడ్డు మీద కూర్చుని పాత పుస్తెలతాడు మార్చుకుంటుంటే రెండు పుస్తెలూ జారి ఇసుకలో పడ్డాయి. ఇంకెవరైనా అయితే ఏం చేస్తారు? జల్లెడ పడతారు. అక్క కూడా అదే అంది.

"ఉరికిపోయి జల్లెడ తేరా శీనూ."

"ఆగక్కా. చెయ్యి పెట్టకు. కెలికితే ఇంక లోపలికి పోతయ్."

"మరెట్ల?"

"విదేశాల్ల సముద్రం ఒడ్డున మిషిన్ పట్టుకొని తిరుగుతరు. ఇసుకల లోహం ఉంటే కూత పెడ్తది. నేను చేస్త, వారం చాలు."

"వారమా? ఆదివారం మా అత్త వస్తది. మెడ బోసిగ కనబడితే నన్ను బతకనిస్తదా?"

"ఫికర్ చెయ్యకు."

ప్రియమైన పాఠకులారా, ఈ రెండు మాటలు ఎవరైనా మీతో అంటే వెంటనే ఫికర్ మొదలుపెట్టండి. అక్క పసుపుకొమ్ము తాడుకు కట్టుకుని, కొంగు మెడచుట్టూ కప్పుకుని ఇంట్లో కూర్చుంది. నేను పంపుహౌస్ గోడ మూల నుంచి నలభై రెండు అడుగులు నడిచి లెక్క నోట్‌బుక్కులో రాసుకున్నాను. కొలంబస్ కూడా అంత శ్రద్ధగా రాసుకుని ఉండడు.

తరువాత ఐదు రోజులు నేను గది దాటలేదు. మా బాపు రేడియో విప్పి, ప్లాస్టిక్ మూతకు రాగి తీగ చుట్టి, వెదురు కర్రకు కట్టాను. నాకు దారి చూపిన పుస్తకం చివర ఒక అధ్యాయం ఉంది: ఒడ్డు కోసుకుపోయిన చోట వేరే దగ్గరి నుంచి ఇసుక తెచ్చి పోస్తారట, అలాంటి చోట పాత వస్తువుల కోసం వెతకడం దండగట. చదివి పడీపడీ నవ్వాను. ఇసుక మీద ఇసుక పోసే పిచ్చివాళ్ళు విదేశాల్లోనే ఉంటారనుకుని పుస్తకం మూశాను. గనిలో బొగ్గు తీసిన ఖాళీల్లోకి ఇరవై ఏళ్ళుగా గోదావరి ఇసుక నింపుతున్న మా బాపు పక్కగదిలో గురకపెడుతుండగా నవ్విన నవ్వు అది.

ఆదివారం తెల్లవారుతూనే అక్కా నేనూ ఒడ్డుకు చేరాం. ఒడ్డు ముద్దుగా, చదునుగా, పెళ్ళిపీటలా ఉంది. పుష్కరాలకు శుభ్రం చేశారు కాబోలనుకున్నాను. నలభై రెండు అడుగులు నడిచి కర్ర ఆడించాను. కుయ్యిమంది.

"దొరికిందా?" అక్క వంగి ఇసుక తవ్వింది.

ఎద్దు కాలి నాడా. మళ్ళీ కుయ్యి. సైకిల్ గంట మూత. గోదావరి కనబడితే రూపాయి వెయ్యని చెయ్యి మా దగ్గర లేదు. అలాంటి ఒడ్డున ఒక్క రూపాయి బిళ్ళ కూడా తగలకపోవడం నాకు వింతగా తోచాలి. తోచలేదు. మూడో కూతకు ఒక స్టీలు గ్లాసు బయటపడింది. దాని మీద "మల్లేశం బిడ్డ పెండ్లి కానుక" అని చెక్కి ఉంది.

"చూసినవా అక్కా, వరదల ఎక్కడి నుంచి కొట్టుకొచ్చిందో. దీన్నే ప్రవాహశాస్త్రం అంటరు."

అప్పుడే ఇసుక టిప్పరు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి గ్లాసు చేతికి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిది నా బిడ్డ పెండ్లికి పంచిన గ్లాసు. నీకెక్కడిది?"

"నువ్వు మల్లేశం కాకవా? వరదల కొట్టుకొచ్చింది కాకా."

"మా వాగు గోదాట్ల కలిసేది ఇక్కడికి కింద. గ్లాసు ఎదురీదుకుంట వచ్చిందా? మా వాగుల ఎవరో బాసన్లు తోముతుంటే పోయి ఉంటది. ఇది మా వాగు ఇసుకరా. మూడు దినాల సంది నేనే పోస్తున్న."

నోట్‌బుక్కు తీసి నలభై రెండు అడుగుల లెక్క మళ్ళీ చూశాను.

"మరి... ఇక్కడి ఇసుక?"

"ఎత్తుకపోయిండ్రు. గని కాడికి. ఒడ్డంత గుంతలు పడ్డయని, పుష్కరాలకు చదును చెయ్యనీకి ఇది పోయిస్తున్నరు."

సరిగ్గా అప్పుడు రాత్రి షిఫ్టు దిగి బాపు వచ్చాడు. ఒంటరిగా కాదు, పొద్దటి బస్సు దిగిన అక్క అత్త లచ్చవ్వను గోదావరి స్నానానికని వెంటబెట్టుకుని. అక్క కొంగు తీసి పసుపుకొమ్ము చూపించి, జరిగింది చెప్పి, ఏడుపందుకుంది. అంతా విని బాపు ఇసుకలో చతికిలబడ్డాడు.

"శుక్రవారం ఇక్కడికెల్లి వచ్చిన ఇసుక నేనే నింపిన. నా చేతులతోని నా బిడ్డ పుస్తెలు గనిలకు తోలిన."

"పైపు మూతికి ఇసుక వడగట్టే జాలి ఉంటది గద బాపూ, దానికి తట్టుకోవా?" అన్నాను, ఇంకా శాస్త్రం వదలకుండా.

"రాళ్ళు తట్టుకుంటయ్ రా. పుస్తెలంత సన్నటివి పైపుల నీళ్ళతోని సర్రున పోతయ్. నువ్వు నోర్ముయ్యి."

లచ్చవ్వ అక్క ముందుకు వచ్చింది. నేను అక్కకు అడ్డంగా జరిగాను. అది ధైర్యం కాదు, ఇసుకలో కాలు జారి అటు పడ్డాను.

"అన్నా, నా కొడుకు దిగేది గూడ ఆ గనే గద?" అంది ఆమె.

"అవును చెల్లె. ఆ లెవల్లనే డ్యూటీ."

"ఆ ఇసుక ఏం చేస్తది?"

"మీది కప్పు కూలకుంట ఆపుతది."

లచ్చవ్వ కోడలి కళ్ళు తన కొంగుతో తుడిచింది.

"ఏడ్వకు బిడ్డా. నీ పుస్తెలు నీ మొగని నెత్తి మీద కూలకుంట కాస్తున్నయ్. మెడల ఉంటే గింత పని చేస్తుండెనా? కొత్తయి నేను చేయిస్త." నా వైపు తిరిగింది. "పిలగా, నువ్వు మాత్రం ఇంక ఏం చెయ్యకు."

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. బుధవారం బావ డ్యూటీ నుంచి వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"బామ్మర్దీ, మా అవ్వ చెప్పిందని ఆ ఇసుక నింపిన జాగకు దండం పెట్టి పనికి దిగుతున్న. ఎందుకని అడిగిండ్రు. సిగ్గయి, మొక్కు అన్న."

"మంచిదే గద బావా."

"ఏం మంచిది? ఇయ్యాల షిఫ్టు షిఫ్టంత దండం పెట్టింది. ఎవరో పసుపు కుంకుమ గూడ పెట్టిండ్రు. కొబ్బరికాయ ఎన్నడు కొట్టాలె, ఏం తల్లి అని నన్నే అడుగుతున్నరు. నువ్వు చదువుకున్నోనివి, ఒక పేరు చెప్పు."

మూఢనమ్మకాల మీద గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలన్నీ రెండేసిసార్లు చదివినవాణ్ణి నేను. రేడియో, రాగి తీగ, శుద్ధమైన విజ్ఞానశాస్త్రం ఉపయోగించి భూమి లోపల ఒక దేవతను వెలయించాను. కాబట్టి ఆ తల్లి మీదే ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఇంకో యంత్రం తయారు చెయ్యను, ఇంకో అమ్మవారిని పుట్టించను. పేరు మాత్రం ఇసుకమ్మ అని చెప్పాను. ఏదో ఒకటి చెప్పకపోతే చదువుకున్నవాడి పరువు పోతుంది కదా.