నోటిమాటగా దక్కిన ఆదివారం

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే ట్రామ్‌లో ఎవరో చికెన్ సంచి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. మరిగిన నూనె, మిరియాల పొడి కలిసిన ఆ వాసన తగలగానే పాత అలసటంతా ఒంట్లోకి తిరిగొచ్చింది. కాన్‌బెర్రాలో నేను దిగే గంగాలిన్ స్టాప్ వచ్చేదాకా తల కిటికీకి ఆనించుకునే ఉన్నాను. నాకది తిండి వాసన కాదు, సువార్త ఆంటీ వాసన. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో పాయింట్ కుక్ దగ్గర నేను పనిచేసిన ఫ్రైడ్ చికెన్ దుకాణానికి ఆవిడ మేనేజర్. సొంతూరు నరసాపురం. నల్లటోపీ కింద బిగించిన ముడి, మోచేతుల దాకా పిండి, అలాగే గుర్తున్నారు.

దుకాణం పేరు అమెరికాది. ఆ వంటకాన్ని మొదలుపెట్టిన ముసలాయన గోడ మీద ఫోటోలో నవ్వుతూ ఉండేవాడు. ఆంటీ ఆయన్ని పెద్దాయన అనేవారు. నేను చేరిన రోజే, “పెద్దాయన చూస్తున్నాడమ్మా, ఆ టేబుల్ ఇంకోసారి తుడిచెయ్” అన్నారు. పేరు ఎవరిదైనా, దాన్ని వాడుకునే హక్కు కొనుక్కుని మా దుకాణం నడిపింది మాత్రం టోనీ అనే ఇటలీ పెద్దమనిషి. ఆయనకు ఆంటీ పెట్టిన షరతు ఒక్కటే, ఆదివారం పొద్దున్న పనికి రారు. ఒక స్కూలు హాల్లో జరిగే తెలుగు ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆవిడే. “చేతిలో చెయ్యేసి ఓకే అన్నాడమ్మా. ఇన్నేళ్ళలో ఒక్క సండే కూడా రమ్మనలేదు” అని మురిసిపోయేవారు. ఆ ఒక్క పూట ఉందన్న ధీమాతోనే మిగతా వారమంతా విసుక్కోకుండా నిలబడేవారు.

వయసు మీదపడి టోనీ తన దుకాణాలన్నీ సిడ్నీలోని ఒక పెద్ద సంస్థకు అమ్మేశాడు. సరిగ్గా అప్పుడే యూనివర్సిటీలో నేను అసైన్‌మెంట్‌కి మా కంపెనీ చరిత్రే ఎంచుకున్నాను. తవ్వేకొద్దీ నీరసం వచ్చింది. పెద్దాయన బతికుండగానే పేరుతో సహా అన్నీ అమ్ముకున్నాడు. తర్వాత కంపెనీ ఒక కూల్‌డ్రింకుల వాళ్ళ చేతికి, వాళ్ళనుంచి బిస్కెట్ల వాళ్ళ చేతికి, చివరికి ఊరూ పేరూ తెలియని పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళింది. చేతులు మారిన ప్రతిసారీ ఆ నవ్వే ఫోటో మాత్రం భద్రంగా వెళ్ళింది.

కొత్తవాళ్ళొచ్చాక డ్యూటీలు సిడ్నీలో కంప్యూటరే వేసేది. మొదటి రోస్టర్‌లోనే ఆంటీకి ఆదివారం పొద్దున్న పడింది. ఆవిడ ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, అలాంటి ఒప్పందమేదీ రికార్డులో లేదంది. టోనీకి చేస్తే, అమ్మేటప్పుడు నోటితో చెప్పానని, రాసుకున్నారనుకున్నానని నొచ్చుకున్నాడు. ఆ మధ్యాహ్నం బ్రేక్‌లో నేను గీసిన ఓనర్ల పటం ఆవిడ ముందు పెట్టాను.

“అసలు ఓనరెవరో చూద్దామని మొదలువెట్టిన, ఆంటీ. ఒకరి మీద ఒకరున్నరు, పైన మనిషే లేడు” అన్నాను.

ఆంటీ కళ్ళద్దాలు పెట్టుకుని గడులన్నీ కిందినుంచి పైదాకా ఓపిగ్గా చూశారు.

“మరి ఇందులో నా సండే ఎవరి దగ్గరుందమ్మా?” అన్నారు.

ఆ అసైన్‌మెంట్‌కి మంచి మార్కులే వచ్చాయి, నాకు సంతోషమనిపించలేదు.

“మానెయ్యండి ఆంటీ” అన్నాను ఇంకోరోజు. “ఈ ఏజ్‌లో నన్నెవరు తీసుకుంటారమ్మా” అని మళ్ళీ పిండిలో చేతులు పెట్టారు.

ఆంటీకి డ్యూటీ పడిన ఆ ఆదివారం ఆరాధన అవగానే చర్చివాళ్ళు పట్టుచీరల్లోనే నేరుగా దుకాణానికి వచ్చేశారు. ఆంటీతో కాసేపు కూర్చుందామని వాళ్ళ ఆశ. కౌంటర్ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళూ లైన్లోనే నిలబడ్డారు. ఆవిడ పాడాల్సిన పాట ఆ రోజు పాడిన అమ్మాయి తన వంతు రాగానే, “మీరు లేక సగంలో ఆగిపోయానాంటీ. అందరూ నన్నే చూశారు” అంది. ఆంటీ ట్రే అందించి, ఆ పిల్ల చెయ్యి ఒక్క క్షణం పట్టుకున్నారు. తర్వాత ఆ అమ్మాయి భుజం మీదుగా వెనకాల మనిషిని చూసి, “నెక్స్ట్ ప్లీజ్” అన్నారు. ఆ గొంతు తలుచుకుంటే నాకిప్పటికీ ఏడుపొస్తుంది.

రిటైరయ్యాక ఆవిడ మళ్ళీ ఆరాధనకు వెళ్తున్నారట. వెనక వరసలో కూర్చుంటారట. పాట మాత్రం ఆ అమ్మాయే ఎత్తుకుంటుంది, ఇప్పుడు ఎక్కడా ఆగదట.

నేనిప్పుడు కాన్‌బెర్రాలో ఒక చిన్న బృందానికి పెద్దని. మా విభాగాలను ఎప్పుడూ విడదీస్తూ కలుపుతూనే ఉంటారు. కొత్తవాళ్ళు నా కిందికి వచ్చిన ప్రతిసారీ, మీకెవరైనా నోటిమాటగా ఇచ్చినదేమైనా ఉందా అని ముందు అదే అడుగుతాను. మొన్న ఒకతను, బుధవారం మధ్యాహ్నాలు అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్తానని, పాత బాస్ ఒప్పుకున్నాడని చెప్పాడు. అతని ఎదుటే కాగితం మీద పెట్టి సంతకం చేశాను. రేపు నేను ఇక్కడ లేకపోయినా ఆ బుధవారం అతని దగ్గరే ఉండాలి.