లారీకి ఇరవై రెండు డిగ్రీలు

మా చుట్టాల్లో ఎవరింట్లో నలుగురు కలిసినా, క్రిస్మస్ మధ్యాహ్నం బిర్యానీ తిని చేతులు కడుక్కున్నాక ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. "డిగ్రీ చదివిన పిల్ల, మంచిగున్న లారీని విప్పి మూలకు వెట్టింది" అని. వినేవాళ్లు పగలబడి నవ్వుతారు. ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంటుంది కాబట్టి నవ్వు రెట్టింపవుతుంది. ఇన్నేళ్లూ ఓర్చుకున్నాను (ఓర్చుకోలేదు, ప్రతిసారీ గొడవపడ్డాను, ఎవరూ వినలేదు). ఇప్పుడు రాసి మరీ చెబుతున్నాను, అది అబద్ధం. విప్పించింది నేనే, ఒప్పుకుంటాను. లారీ మూలకు పడింది, అదీ నిజమే. "మంచిగున్న" అన్న ఒక్క మాట దగ్గరే నా పేచీ. ఆ మాట తీసేస్తే కథలో నవ్వడానికేమీ మిగలదని వాళ్లకూ తెలుసు, అందుకే తీయరు.

ఆ రోజుల్లో భద్రాచలం నుంచి చర్ల దాకా ఉన్నదాన్ని రోడ్డు అనడం మా మర్యాద. ఆ దారిలో మా నాయన ఇరవై ఏళ్లకు పైగా వేరేవాళ్ల లారీలు తోలాడు. జ్వరమొచ్చినా ఓనరును అడగాలి, మా స్కూల్లో మీటింగుకు రావాలన్నా ఓనరును అడగాలి. చివరికి మా మామ, అంటే అమ్మకు సొంత అన్న, కొత్తగూడెం వైపు బొగ్గు తోలిన తన పాత లారీని అమ్ముతానంటే నాయన కొన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి దీవించారు. ఆ మర్నాడే నాయన పాత ఓనరుకు తాళాలు అప్పజెప్పి, "ఇగ నీ గడప తొక్కను" అని చెప్పి వచ్చాడు. అంత మాట అవసరమా అని అమ్మ వారం రోజులు సణిగింది. నాకు మాత్రం ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. కానీ ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆ మాట అన్నాక ఈ లారీ ఆగిపోయిందంటే, మా నాయన తొక్కాల్సింది మళ్లీ ఆ గడపే.

ఎనిమిది నెలలు నడిచింది. అడవి అంచున నరికిన జామాయిల్ కర్రను కాగితం మిల్లుకు తోలేవాడు. తర్వాత చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీస్తే ఒక ఠక్, మళ్లీ తొక్కితే ఇంకో ఠక్. మామను అడిగితే, తన దగ్గర ఉన్నప్పుడు ఆ లారీ నోరు విప్పలేదనీ, లోపం తోలేవాడి కాల్లో ఉందనీ సెలవిచ్చాడు. మా ఊరి చెవుల మేస్త్రీ (పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇనుముకు ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని రోగం చెప్పేవాడు గనక ఆ పేరు) కళ్లు మూసుకుని చాలాసేపు విని, షాఫ్టు జాయింటు పోయిందన్నాడు. కొత్త జాయింటు వేశారు. ఠక్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మేస్త్రీ చెవి మార్చి విన్నాడు.

నేనప్పుడే ఫిజిక్సుతో బీఎస్సీ పాసై, ఉద్యోగం లేక, ఇంట్లో కూర్చుని అందరి మాటల్లో తప్పులు పడుతున్నాను. ఈ వైద్యం చూసి నాకు మండింది. ఇంజను తిప్పే పొడుగాటి షాఫ్టు వెనక ఇరుసు దాకా వస్తుంది. అక్కడ ఇరుసు మధ్యలో గుండ్రటి ఇనప పొట్ట ఒకటి ఉంటుంది. దాన్ని హౌసింగ్ అంటారు. అందులో పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పళ్లకూ పళ్లకూ మధ్య కాస్త సందు ఉండాలి. అరిగితే సందు పెరుగుతుంది. ఆ సందునే పుస్తకాల్లో ప్లే అంటారు, మా నాయన ఆట అనేవాడు. "ఆట ఎక్కువైందేమో చూడాలి" అని నేనంటే అమ్మ అన్నది, "ఆడితే ఆడనీ తియ్, నీ లెక్క ఇంట్ల కూసొని తింటలేదు గద."

వినడం కాదు, కొలవాలి అన్నాను. ఆ ఆదివారం తలనొప్పి అని చర్చి ఎగ్గొట్టాను (లారీ పాడవడానికి అసలు కారణం ఇదేనని అమ్మ ఈనాటికీ నమ్ముతుంది). నాయన్ని కూడా ఆపేశాను. చక్రాల ముందూ వెనకా రాళ్లు పెట్టించి, గేరు న్యూట్రల్ చేయించి, నా జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకుని లారీ కిందికి దూరాను. హౌసింగ్ దగ్గర దాన్ని అట్టముక్క మీద అంటించి నిలబెట్టి, షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీసి, షాఫ్టును చేత్తో అటు ఆగేదాకా, ఇటు ఆగేదాకా తిప్పాను. చక్రాలు కదల్లేదు. కొత్త జాయింటు రెండు పక్కలా పట్టుకుని చూశాను, అందులో పిసరంత వదులు లేదు. కదులుతున్నదంతా ఆ పొట్టలోపలే. మొహం నిండా గ్రీజుతో బయటికొచ్చి, ఇరవై రెండు డిగ్రీలు, ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువ అని ప్రకటించాను. నాయన బీడీ ఆర్పి, "నీ ఒక్క డిగ్రీకే నా నడుం ఇరిగింది బిడ్డా. దీనికి ఇరవై రెండా" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆయిల్ దించి, అందులో ఇనప రజను ఉందేమో చూడాలన్నాను. నాయన రేపు చూద్దామన్నాడు. రేపెందుకన్నాను. పానా దొరకదన్నాడు, ఎదురుగానే ఉంది, చూపించాను. ఆయిల్ బాగానే ఉంటుందిలే అన్నాడు, చూడకుండా నీకెలా తెలుసన్నాను. దాంతో ఆయన నోరు మూతబడింది. (ఆయన నోరు ఎన్నిసార్లు మూయించానో తలుచుకుంటే ఇప్పుడు నాకు మాట పెగలదు.) లేచి వెళ్లి, పాత తట్ట తెచ్చి హౌసింగ్ కింద పెట్టాడు. చర్చి నుంచి చెవుల మేస్త్రీ కూడా తెల్లచొక్కాతోనే వచ్చి నిలబడ్డాడు. అడుగున ఉన్న ప్లగ్గు నేనే విప్పాను.

ఆయిల్ రాలేదు. రాగిజావ వచ్చింది. ముద్దలు ముద్దలుగా తట్టలో పడింది. మేస్త్రీ వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, నా వైపు కాకుండా నాయన వైపు తిరిగి, "రంపపు పొట్టన్నా. జామాయిల్‌ది" అన్నాడు. ఆ దొంగవైద్యం గురించి నాకు అప్పుడే తెలిసింది. పళ్లు అరిగి హౌసింగ్ మూలుగుతుంటే, ఆయిల్‌లో రంపపు పొట్టు కలిపి పోస్తారట. పొట్టు పళ్ల సందుల్లో కూరుకుని చప్పుడు మింగేస్తుందట. లారీ అమ్మేసేవాళ్లు చేసే పని. ఇంకేముంది, మామ దొరికిపోయాడనుకున్నాను. మేస్త్రీ మాత్రం నెమ్మదిగా, "మూసేద్దామన్నా. ఉన్నన్నాళ్లు నడుస్తది" అన్నాడు. అక్కడ నేనిచ్చిన ఉపన్యాసం ఇప్పుడు రాయలేను, సిగ్గుగా ఉంటుంది. సత్యం, సైన్సు, మోసం అన్నీ వచ్చాయందులో. నాయన అంతా విని, "బిడ్డ చెప్పినట్టే కానియ్" అన్నాడు. డీజిల్‌తో రెండుసార్లు కడిగించి, శుభ్రమైన కొత్త ఆయిల్ పోయించాను.

మర్నాటి నుంచి లారీ ఏడవడం మొదలుపెట్టింది. ఠక్ కాదు, ఏడుపు. మా లారీ దుమ్ముగూడెం దాటుతోందని మాకు ఫోన్ లేకుండానే తెలిసేదని చుట్టాలు చెప్పేది అతిశయోక్తే గాని, నిజానికి మరీ అంత దూరమేమీ కాదు. చర్ల దగ్గర నక్సలైట్ల కోసం కాపు కాసే క్యాంపు పోలీసులు బండి ఆపి, ఇంజను బంద్ చేయించి, మళ్లీ స్టార్ట్ చేయించి విన్నారట. "ఇది వస్తుంటే మాకు వేరే చప్పుడేం ఇనవడ్తలేదు పెద్దాయనా, అసలే మాది ఇనాల్సిన డ్యూటీ" అన్నారట. పదకొండో రోజు నిండు లోడుతో కల్వర్టు ఎక్కుతుంటే ఏడుపు ఆగిపోయింది. ఇంజను తిరుగుతోంది, చక్రాలు తిరగట్లేదు. ఇంకో లారీకి కట్టి ఈడ్చుకొచ్చారు. విప్పితే క్రౌన్ పళ్లు సగం ఊడి అడుగున పడి ఉన్నాయి, మిగిలిన సగం కొడవలి అంచుల్లా పదునెక్కాయి. లోపలి చిన్న చక్రాల వెనక ఉండే ఇనప వాషర్లు ఉల్లిపొరలంత పల్చబడ్డాయి. నేనన్నదే నిజమైంది. ఒక్క క్షణం, దేవుడు క్షమించాలి, సంతోషించాను. తర్వాత నాయన ముఖం చూశాను. ఆయన ఊడిన పన్ను ఒకటి తీసుకుని, చొక్కా కొసతో శుభ్రంగా తుడుస్తున్నాడు.

ఆ కోపమంతా మామ మీదికి మళ్లించాను. తట్టలోంచి తీసి దాచిపెట్టిన ఆ పొట్టు ముద్దను పాలిథిన్ సంచిలో కట్టుకుని, అమ్మానాయన్లను వెంటబెట్టుకుని మామ ఇంటికి వెళ్లాను. మేం వెళ్లేసరికి భోజనాలు వడ్డిస్తున్నారు, మమ్మల్నీ కూర్చోబెట్టారు. సంచి విస్తరి పక్కనే పెట్టి, ఇది నీ లారీ కడుపులోది, నువ్వే పోశావు అన్నాను. మామ సంచి విప్పి వాసన చూశాడు. నేననుకున్నట్టు తడబడలేదు.

"నేను బొగ్గు తోలినోన్ని కోడలా. జామాయిల్ పొట్టు నాకేడిది?"

అంతే. మా అందరిలో రోజూ జామాయిల్ మోసేది ఎవరో, రంపపు మిల్లుల ముందు బండి ఆపేది ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. నేను నాయన వైపు చూశాను. ఆయన తలెత్తకుండా అన్నం కలుపుతున్నాడు, కలిపిందే మళ్లీ కలుపుతున్నాడు. అమ్మ ఆయన్ని చూసింది, అన్నను చూసింది, ఆయన విస్తట్లో ఇంకొంచెం పులుసు పోసింది. జీవితంలో మొదటిసారి నాకు ఎదురుమాట దొరకలేదు. (దారిలో దొరికింది. భద్రాచలం చుట్టూ జామాయిలే, అమ్మేముందు మామ కూడా ఒక గుప్పెడు తెప్పించుకుని ఉండొచ్చు. ఆ వాదన నేనిప్పటికీ వదల్లేదు, అయితే నాకే నమ్మకం కుదరదు.)

ఆ తర్వాతి సోమవారం నాయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత ఓనరు ఇంటికి వెళ్లాడు. ఓనరు పాత మాటేదీ ఎత్తకుండా తాళాలు చేతికిచ్చాడట. తిట్టినా బాగుండేదని నాయన అమ్మతో అంటుంటే విన్నాను. ఇంకో తొమ్మిదేళ్లు ఆ గడప తొక్కాడు. మా లారీ మాత్రం సామాన్లుగా విడిపోయి ఎవరెవరి బండ్లకో వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను కాలేజీలో పిల్లలకు ఘర్షణ పాఠం చెబుతాను. అరుగుదల దగ్గరికి రాగానే కాస్త తొందరగా దాటేస్తాను. గ్రీజు మొహంతో, కోణమానిని చేత్తో పట్టుకుని, లోకమంతా తనకు సంజాయిషీ చెప్పుకోవాలన్నట్టు నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దగ్గరికి పిలిచి నెత్తిన ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది, కానీ అది ఊరుకోదు, మొట్టికాయ ఎంత బలంతో వేశావని అడుగుతుంది. ఆ పొట్టు పోసింది నువ్వేనా అని నాయన్ని ఎన్నోసార్లు అడిగాను. ఏ పొట్టు అంటాడు, ఏ లారీ అంటాడు, చాయ్ పెట్టమంటాడు. మిగతా విషయాలన్నీ నిక్షేపంగా గుర్తున్నాయి ఆయనకు. పోసింది ఆయనే అయితే, లోపల ఏముందో తెలిసిన మనిషి కదా. కసిరితే ఆగిపోయేదాన్ని కాను గాని, వద్దు బిడ్డా అని ఒక్కసారి మెల్లగా అన్నా ఆగేదాన్నేమో. నేను కొలిచిన కొలత తప్పు కాకూడదనుకున్నాడా, లేక ఎనిమిది నెలలూ ఆ లోపలి ఏడుపును ఒక్కడే దాచి దాచి అలిసిపోయాడా? తెలిసి తెలిసి, నాయనా, ఆ ప్లగ్గు నన్నెందుకు విప్పనిచ్చావు?