ఇంటర్వెల్ దాకా గ్యారంటీ

ఆ రోజుల్లో, శుక్రవారం మధ్యాహ్నం బీదర్ మొత్తంలో నా అంత బాధ్యత మోస్తున్న మనిషి ఇంకొకడు లేడని నా నమ్మకం. వయసు ఇరవై రెండు. పని, బోరు మోటార్లు అమ్మే దుకాణంలో గుమాస్తాగిరీ. సొంతూరు చిట్గుప్ప పక్కన పల్లె. ఇవన్నీ పైకి కనిపించే సంగతులు. లోపల మాత్రం నేను సినిమా విమర్శకుణ్ణి. కొత్త తెలుగు సినిమా ఊళ్ళోకి వచ్చిన రోజే, మధ్యాహ్నం ఒంటిగంటన్నర కల్లా, అది చూడాలో వద్దో నా గొంతుతో రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. దుకాణం పక్క చాయ్ హోటల్ ఆయన, మా ఊరి దోస్తులు, పైపులు కొనడానికి వచ్చి నా మాటల్లో ఇరుక్కుపోయిన రైతులు, అందరూ ఆ గ్రూపులో ఉండేవాళ్ళు. సినిమా పన్నెండుకు మొదలైతే ఒంటిగంటన్నరకే నా తీర్పు ఎలా వచ్చేదని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే నా విమర్శక జీవితం ఆనాడే ముగిసేది.

సంగతేమిటంటే, మా సేట్ శుక్రవారం పన్నెండు కొట్టగానే షట్టర్ దించేవాడు. ఇంటికి పోయి స్నానం చేసి, నమాజుకు పోయి, భోంచేసి రెండింటికి వచ్చేవాడు. "బేటా, రెండింటికి షట్టర్ లేవాలె, నీళ్ళు చల్లాలె, నువ్వు నవ్వుకుంట కూసోవాలె" అని ప్రతి వారం చెప్పేవాడు. ఆ రెండు గంటల్లో నేను థియేటర్‌కి పరుగెత్తి ఇంటర్వెల్ వరకు చూసి, లైట్లు వెలగగానే బయటపడి, నడుస్తూనే రివ్యూ చెప్పి, దుకాణం ముందు నీళ్ళు చల్లేవాణ్ణి. రెండో సగం ఏమవుతుందో నేను ఊహించి చెప్పేవాణ్ణి. ఎనిమిది సార్లు చెప్తే ఆరుసార్లు అలాగే జరిగేది. అందులో నా తెలివి ఎంతో, మన సినిమాల గొప్పతనం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నా అభిప్రాయాలు మాత్రం సిమెంటు పోసినట్టుండేవి. ఫైట్ల సినిమా మంచిదో కాదో తెలియాలంటే హీరోను చూడొద్దు, తన్నులు తినేవాళ్ళను చూడాలి. వాళ్ళు మనసు పెట్టి తింటే సినిమా నిలబడుతుంది. దయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ పెట్టారంటే అది దయ్యం సినిమా కింద లెక్క కాదు, కుటుంబ కథ. భక్తి సినిమాలో దేవుడు ఎంత ఆలస్యంగా ప్రత్యక్షమైతే అంత మంచిది, ముందే వచ్చేస్తే రెండో సగంలో ఆయనకు పనుండదు (రెండో సగం గురించి నాకేం తెలుసని అడగకండి). ప్రేమ సినిమాలంటే నాకు మంట. అందులో హీరోలకు ఉద్యోగం సద్యోగం ఉండదు, అయినా వెంటపడే అమ్మాయి ఉంటుంది. నాకు నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం ఉండి కూడా ఎవరూ వెంటపడలేదు. ఇక హత్య సినిమాల్లో హంతకుడెవరో ఇంటర్వెల్‌కే పేరు పెట్టి చెప్పేసేవాణ్ణి. అలా నా నోటి పాపాన నిర్దోషులు చాలామంది పోయారు.

నేను అద్దెకున్నది డ్రైవర్ మామ ఇంటి మేడ మీద గదిలో. ఆయన సర్కారు బస్సు నడిపి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు బసవకళ్యాణ్ బస్సు ఆయన చేతిలోనే తిరిగింది. బంధుత్వం ఏమీ లేదు, వాళ్ళూ తెలుగువాళ్ళేనని తెలిసిన రోజు నుంచి మామా అనే పిలిచాను. ఆయన భార్య అత్తమ్మ. నేను చేరిన మొదటి ఏడాది ఇంట్లో ఆవిడ గొంతు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. మామను పొద్దున లేచిన దగ్గర్నుంచి తిడుతూనే ఉండేది. తువ్వాలు ఎక్కడ పడేసినవ్, మందు గోలి మింగినవా లేదా, బస్సును ఆపినట్టు ఆ చెంబును అక్కడ ఆపినవేంది. ఆదివారం సాయంత్రం మాత్రం ఇద్దరూ సినిమాకు పోయేవాళ్ళు. ఆవిడ సినిమా చూస్తూ పల్లీలు తిని, పొట్టు మామ చొక్కా జేబులో వేసేదట. డ్యూటీ రోజుల్లో సోమవారం బస్సులో చెమట తుడుచుకోవడానికి రుమాలు లాగితే పొట్టు రాలిపడేదనీ, కండక్టర్ నవ్వేవాడనీ మామే చెప్పాడు.

ఆ మరుసటి ఏడు వానాకాలంలో అత్తమ్మ పోయింది. నెల రోజులు దవాఖానలో ఉంది, ఇంటికి రాలేదు. అప్పటినుంచి మామ గేటు దాటలేదు. వరండాలో కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. గడ్డం గీయడానికి మంగలి ఇంటికే వచ్చేవాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు, నేను అక్కా అని పిలిచేవాణ్ణి, మూడు సందుల అవతల కాపురం ఉంటూ బ్లౌజులు కుట్టేది. తండ్రి మీద ఒక కన్నేసి ఉంచడానికి కుట్టుమిషను తెచ్చి ఆ వరండాలోనే పెట్టుకుంది. పొద్దంతా మిషను చప్పుడే, మనుషుల మాట లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దాన్ని నేను తట్టుకోలేకపోయేవాణ్ణి. మేడ మెట్లు కూడా పిల్లిలా ఎక్కేవాణ్ణి.

ఒకరోజు అక్క నన్ను ఆపింది. "తమ్మీ, నువ్వు సినిమాలన్ని చూస్తవు గద. బాపును ఒక్కసారి సినిమాకు తీస్కపోదమనుకుంటున్న. పదకొండు నెలలైతాంది ఇల్లు కదలక. గిట్లనే కూసుంటే మనిషి దక్కడు" అంది. నేను ఛాతీ విరిచి, ఏ రకం సినిమా కావాలో చెప్పక్కా అన్నాను. "ఏ రకమైతేంది. ఆడమనిషి సచ్చిపోయేది ఉండొద్దు. దవాఖాన కనపడొద్దు. గంతే. నువ్వు చూసి గ్యారంటీ అంటెనే తీస్కపోత."

ఇంతేనా అనుకున్నాను. వెతకడం మొదలుపెట్టాక తెలిసింది. ఫైట్ల సినిమాకు పోతే హీరో తల్లి పది నిమిషాల్లో పోయింది. ఆవిడ పోతేగానీ ఈయన కత్తి పట్టడు. దయ్యం సినిమాలో దయ్యమే ఒకరి పెళ్ళాం. ప్రేమ సినిమాలో ఆ పిల్ల తెల్లటి మంచం మీద పడుకుని నవ్వుతూ మాట్లాడింది, నవ్వుతూ మాట్లాడిందంటేనే నాకు అర్థమైపోయింది. హత్య సినిమాలో పేర్లు పడకముందే చెరువులోంచి చీర తేలింది. భక్తి సినిమాలో ఇల్లాలి ప్రాణం పోయింది. దేవుడు తిరిగి ఇస్తాడని నాకు నమ్మకమే, కానీ మామకు ఇవ్వలేదు కదా, ఆ సినిమాకు ఆయన్ని ఏ మొహంతో తీసుకుపోను. చిన్నప్పటినుంచి ఇన్ని సినిమాలు చూశాను, ఇన్ని తీర్పులు చెప్పాను, మన సినిమాల్లో ఆడవాళ్ళు చావనిదే మగవాళ్ళ కథ నడవదన్న సంగతి ఒక్కసారీ నా కంటికి ఆనలేదు. దానికి నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఐదు వారాల తర్వాత ఒక హాస్య సినిమా వచ్చింది. ఒక పోస్టాఫీసు ఉద్యోగి, ఆయన భార్య, ఇద్దరూ నడివయసువాళ్ళు. మొత్తం కొట్లాటే. గొడుగు ఎక్కడ పెట్టావని మొదలుపెట్టి, పెళ్ళిలో మీ అన్న నాకు కుర్చీ వేయలేదనేదాకా పోతారు. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. చివరికి ఇద్దరూ ఒకే గొడుగు కింద తడుస్తూ నవ్వుకుంటారు, ఇంటర్వెల్ పడుతుంది. నేను రోడ్డు మీద నడుస్తూ అక్కకు విడిగా వాయిస్ పంపాను. "అక్కా, దొరికింది. పెండ్లాం మొగుడు కొట్లాడుకునుడే. ఎవ్వరు సావరు. గ్యారంటీ."

ఆదివారం మ్యాటినీకి ముగ్గురం పోయాం. మామను కదిలించడానికి అక్క గంటసేపు బతిమాలింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గేటు దగ్గర ఒక నిమిషం ఆగి, ఆటో ఎక్కాడు. హాల్లో నేను మామ పక్కన కూర్చున్నాను. భార్య మొగుణ్ణి మొదటిసారి తిట్టగానే మామ భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. అక్క నా వైపు తిరిగి చూసిన చూపుకు నాకు ఒంటి మీద బట్టలు బిగుతైపోయినట్టనిపించింది. ఇంటర్వెల్‌లో ఆయనే లేచి పోయి పల్లీలు తెచ్చాడు.

రెండో సగం మొదలైన కాసేపటికి ఆ భార్య దగ్గింది. చిన్న దగ్గే. హాల్లో ఎవరూ పట్టించుకోలేదు. కానీ మన సినిమాల్లో దగ్గు ఊరికే రాదు, తుమ్ము రావచ్చు, దగ్గు రాదు. రెండోసారి దగ్గినప్పుడు మామ చెవిలో, "మామా, నాకు కడుపుల నొస్తాంది, బయటికి పోదమా" అన్నాను. "నువ్వు పోయి రా" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా. ఇంకాసేపటికి దవాఖాన వచ్చింది. "మామా, కరెంటు పోయేటట్టుంది" అన్నాను (అంతకంటే మంచి అబద్ధం ఆ క్షణంలో దొరకలేదు). ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "కూసో" అన్నాడు. ఆ చెయ్యి సినిమా అయ్యేదాకా అక్కడే ఉంది. నిజం చెప్పాలంటే రెండో సగమే గొప్పగా తీశారు. అంత గొప్పగా తీసినందుకు వాళ్ళని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఇంటికొచ్చి మామ కుర్చీలో కూర్చుని గోడ వైపు తిరిగాడు. అక్క నన్ను మెట్ల దగ్గర ఆపి మెల్లగా అడిగింది. "సినిమా మొత్తం చూసినవా తమ్మీ?"

"ఇంటర్వెల్ దాక చూసిన అక్కా."

"సగం చూసి గ్యారంటీ ఇచ్చినవా" అంది. తిడుతుందేమో, తిడితే బాగుండు అనుకున్నాను. ఆమె మిషను దగ్గరికి పోయి కూర్చుంది. ఆ రాత్రి నేను గ్రూపులోంచి నా వాయిస్‌లన్నీ ఒక్కొక్కటే తీసేశాను. కొత్తవే పోయాయి. పాతవాటిని వాట్సాప్ తీయనియ్యలేదు.

సోమవారం మధ్యాహ్నం మామ చొక్కా వేసుకుని బయటికి పోయాడట. ఎక్కడికని అడిగితే, ఊరికెనే అన్నాడట. నాలుగు దాటాక తిరిగొచ్చాడు. మంగళవారం అంతే, బుధవారం అంతే. అక్కకు గుండె జారింది. ఆదివారం నుంచి నాతో మాట్లాడని మనిషి, బుధవారం సాయంత్రం నా గది దాకా వచ్చింది. "ఎటు పోతుండో తెలుస్తలేదు. కోట దిక్కు ఒక్కడే పోయి ఏమన్న చేస్కుంటడేమోనని భయమైతాంది. రేపు జర ఎంబడి పోయి చూడు" అంది. నేను సేట్ కాళ్ళావేళ్ళా పడి గురువారం ఒక పూట సెలవు తీసుకున్నాను.

మామ కోట వైపు పోలేదు. తిన్నగా థియేటర్‌కు పోయి టికెట్ తీసుకుని లోపలికి నడిచాడు. గేటు దగ్గర టికెట్లు చింపే ఆయన నాకు తెలిసినవాడే. "పెద్దాయన రోజు వస్తుండు. ఇంటర్వెల్ కాంగనె పోతుండు. మీ ఇద్దరికి చుట్టరికమా ఏంది?" అన్నాడు. నేను టికెట్ తీసుకుని చీకట్లో తడుముకుంటూ పోయి మామ పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన నన్ను ఒకసారి చూశాడు. పల్లీల పొట్లం నా వైపు జరిపాడు. తెర మీద ఆ భార్య గొడుగు కోసం తిడుతోంది. మామ పెదవులు ఆమె మాటలతో పాటే కదులుతున్నాయి. నాలుగు రోజుల్లో ఆ తిట్లన్నీ ఆయనకు నోటికొచ్చాయి.

గొడుగు కింద ఇద్దరూ నవ్వారు. లైట్లు వెలిగాయి. మామ లేచి, "పా, అయిపోయింది" అన్నాడు.

"ఇంక సగం ఉన్నది గద మామా."

"నువ్వు చూసింది గింతనే గద. నువ్వు చెప్పింది నిజమే పిలగా. కొట్లాడుకుంటరు, ఎవ్వరు సావరు."

క్షమించు మామా అందామని దారి పొడుగునా అనుకున్నాను, అనలేకపోయాను. ఆయనే మాట్లాడాడు. "మీ అత్త గట్లనే తిట్టేది. గదే గొంతు. ఇంట్ల తిట్టేటోళ్ళు లేక చెవులు తుప్పు పట్టినయి. అక్కకు చెప్పకు, ఏడుస్తది." నేను నాలుగడుగులు వెనకబడి, సందు మలుపు తిరగకముందే అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అక్క ఏడ్చింది, ఏడుస్తూనే నన్ను తిట్టింది, ఆ తిట్టు నాకు చాలా హాయిగా అనిపించింది. నడుస్తూ చూశాను, మామ పల్లీల పొట్టు తన చొక్కా జేబులోనే వేసుకుంటున్నాడు.

మర్నాడు శుక్రవారం, సినిమా మారింది. పన్నెండింటికి నేను థియేటర్‌కు పరుగెత్తితే మామ గేటు దగ్గర రెండు టికెట్లతో నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళు, ఆయన పోయేదాకా, బీదర్‌లో ఇంటర్వెల్‌కే లేచి వెళ్ళిపోయే ప్రేక్షకులం మేమిద్దరం. ఫైట్ల సినిమా, దయ్యం సినిమా, భక్తి సినిమా, అన్నీ చూశాం, ఒక్కదానికీ చివర తెలియదు. నా రివ్యూలు మళ్ళీ మొదలయ్యాయి గానీ, ప్రతిదాని చివరా "గిది ఇంటర్వెల్ దాకనే గ్యారంటీ" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. సగం మంది గ్రూపు వదిలేశారు. అక్క వదల్లేదు.

ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది, పెళ్ళాం ఉంది, అభిప్రాయాలు తగ్గి బట్టతల పెరిగింది. మొన్న ఆదివారం టీవీలో ఆ గొడుగు సినిమా వచ్చింది. మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయ తుంచుతూ చూసింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద నవ్వగానే నేను రిమోట్ తీసి టీవీ ఆపేశాను.

"అరె, ఎందుకు బంద్ చేసినవ్? మిగిలింది?"

"అయిపోయింది. గింతనే సినిమా" అన్నాను.

"ఏ పనైన సగంల ఇడిసిపెట్టుడే నీకు" అని మొదలుపెట్టింది. గోడకు కొట్టి వదిలేసిన మేకు, సగం కట్టిన బట్టల తాడు, పొద్దున మింగని బీపీ గోలి, మా అన్న పెళ్ళిలో వాళ్ళ తమ్ముడికి జరిగిన మర్యాద, అన్నీ వరసగా వచ్చాయి. జవాబులు నా దగ్గర చాలానే ఉన్నాయి. ఏదీ చెప్పకుండా, రిమోట్ ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నాను.